కడుపులో బన్నులు, కాళ్ళలో మంట

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ఎక్కువ. మా ఆయన దీనికి వేరే మాట వాడతాడు, అది ఇక్కడెందుకు లెండి. కానీ ఆ రోజు పొద్దున పెరట్లో నేను పెట్టిన కేకలకి మాత్రం కారణం ఉంది. బండి కడదామని కొట్టంలోకి వెళ్తే మా మహాతల్లి నేల మీద పడి దొర్లుతోంది.

మహాతల్లి అంటే మా గుర్రం. పేరు నేనే పెట్టాను. తనకి నచ్చిన దారిలోనే నడుస్తుంది, నచ్చిన గుమ్మం ముందే ఆగుతుంది, ఎవరైనా అదిలిస్తే మెడ తిప్పి "నువ్వెవరు నాకు చెప్పడానికి" అన్నట్టు ఒక చూపు చూస్తుంది. అలాంటిదాన్ని ఇంకేమని పిలుస్తాం?

మాది బేకరీ. మామయ్య బన్నులు చేస్తాడు, మా ఆయన బ్రెడ్డు చేస్తాడు, అత్తయ్య పఫ్‌లు చేస్తుంది. అత్తయ్య పఫ్ అంటే మా వీధుల్లో మామూలు మాట కాదు. కొరికితే పొరలు ఒడినిండా రాలాలి, లేకపోతే అది పఫ్ కాదంటుంది. పెళ్ళయిన కొత్తలో నన్ను కూడా ఓవెన్ దగ్గర నిలబెట్టారు. అటు ఓవెన్ వేడి, ఇటు అత్తయ్య మాటల వేడి, మధ్యలో నేను మాడిపోయాను. నన్ను బయటపడేసింది మహాతల్లే. అందరూ దాని దగ్గరికి వెళ్ళడానికి భయపడుతుంటే నేను వెళ్ళి పగ్గాలు పట్టుకున్నాను, అది కిమ్మనకుండా నడిచింది. అప్పట్నుంచి బండి మీద వీధి వీధీ తిరిగి అమ్మే పని నాది. జనం నన్ను చూసి కొంటారనుకుంటున్నారా? దాన్ని చూసి కొంటారు. అది లేకపోతే నేను మళ్ళీ ఓవెన్ ముందుకే. పోనీ అదైనా భరిస్తాను, కానీ నా గోలంతా చెవులు రిక్కించి వినే ప్రాణి ఆ ఇంట్లో అదొక్కటే.

అలాంటిది చెమటలు కక్కుతూ, మాటిమాటికీ తన పొట్ట వైపు చూసుకుంటూ, కాళ్ళతో నేలని గీరుతోంది.

"ఏవండీ!" అని అరిచాను. మా ఆయన పిండి చేతులతో పరిగెత్తుకొచ్చాడు. వెనకే మామయ్య, ఆయన వెనకే అత్తయ్య. ముగ్గురూ దాన్ని చూశారు. తర్వాత ముగ్గురూ మూడు వైపులకి చూశారు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

గుర్రాల డాక్టరమ్మ వచ్చింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం స్టేషన్లో మైకు. పొట్టకి చెవి ఆనించి విన్నది, చిగుళ్ళు చూసింది, నన్ను కళ్ళెం గట్టిగా పట్టుకోమని చెప్పి ముక్కులోంచి ఒక పొడుగాటి గొట్టం కడుపులోకి దింపింది. మా ఆయన అది చూసి గోడకి చేరగిలబడ్డాడు.

"అంత తంటా ఎందుకు డాక్టరమ్మా, కక్కించెయ్యరాదూ?" అన్నాడు మామయ్య.

"గుర్రానికి కక్కడం రాదండీ. దాని కడుపు దారి ఒకవైపే. లోపలికి వెళ్ళింది వెనకనుంచి రావాల్సిందే," అంది ఆవిడ గొట్టంలో నూనె పోస్తూ. "ఇంతకీ ఏం తిన్నది?"

"గడ్డి," అన్నాం నలుగురం ఒకేసారి.

డాక్టరమ్మ గొట్టంలోంచి వెనక్కి వచ్చిన నీళ్ళు బకెట్లో పట్టి మా ముక్కుల కింద పెట్టింది. పులిసిన పిండి వాసన గుప్పుమంది. నాలుగు ముఖాలు వెలవెలబోయాయి. బేకరీ వాళ్ళ ముక్కుకి ఆ వాసన తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఇక్కడ మా ఇంటి చట్టం ఒకటి చెప్పాలి. పెట్టింది అత్తయ్య. ఎవరి వాయి అయినా చెడిపోతే పారెయ్యకూడదు. భోజనాల వేళ బల్ల మీద పెట్టాలి. చేసినవాళ్ళే ముందు తినాలి, అందరి ఎదుటా, అత్తయ్య వ్యాఖ్యానం వింటూ. "ఇది బన్నా, గుమ్మానికి అడ్డం పెట్టే రాయా?" లాంటివి. ఆ మాటలు పడలేక మా మామయ్య ఒకసారి నిమ్మకాయంత బన్నులు గంపెడు తిన్నాడు పాపం, కళ్ళనీళ్ళతో.

"నిజం చెప్పకపోతే నేనేం చెయ్యలేను," అంది డాక్టరమ్మ.

మా ఆయన నీళ్ళు నమిలాడు. "అంటే... నిన్న కొత్త ఈస్టు వచ్చింది కదండీ. సరిగా పొంగలేదు. ఒక వాయి బ్రెడ్డు... అమ్మ చూస్తుందని... దీనికి పెట్టాను. ఇష్టంగా తిన్నది."

"నువ్వూనా?" అన్నాడు మామయ్య. అని నాలిక కరుచుకున్నాడు.

"మీరూనా?" అన్నాను నేను.

"ఆ ఈస్టే కదమ్మా! నా బన్నులు మాత్రం పొంగుతాయా? బ్రెడ్డు సంగతి నాకేం తెలుసు? నేను వచ్చేసరికి తొట్టి ఖాళీగానే ఉంది!"

"ఖాళీగా ఉండదా మరి? అప్పటికే మింగేసింది!" అని నేను నిప్పులు చెరిగాను. "ఇంట్లో ఒక్కడికైనా బుద్ధి ఉందా? అది గుర్రమా, చెత్తబుట్టా?"

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మీరేం పెట్టలేదా?"

"ఒక బిస్కెట్టు," అన్నాను. "విరిగింది. అది లెక్కలోకి రాదు."

అత్తయ్య మాత్రం తీర్పు చెప్పే జడ్జిలా చేతులు కట్టుకుని నిలబడింది. మగవాళ్ళిద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. వీళ్ళకి ఈ పూట మూడిందిలే అనుకున్నాను, కొంచెం సంతోషంగా కూడా అనుకున్నాను.

డాక్టరమ్మ వంగి మహాతల్లి ముందుకాళ్ళ డెక్కలు పట్టి చూసింది. మడమ పైన రెండు వేళ్ళు పెట్టి నాడి చూసింది. ఆవిడ ముఖం మారింది.

"కడుపు సంగతి నేను చూసుకుంటాను. నా భయం కాళ్ళ గురించి," అంది.

మా ఆయనకి నవ్వొచ్చింది. "బన్ను తిన్నది కడుపుతో కదండీ, కాళ్ళతో కాదుగా?"

"అదే వింత. పిండి ఎక్కువైతే పెద్దపేగులో పులిసిపోతుంది. విషం పుడుతుంది. అది రక్తంలో కలిసి డెక్కల్లోకి దిగుతుంది. డెక్క లోపల ఒక ఎముక ఉంటుంది. దాన్ని డెక్క గోడకి పట్టి ఉంచేవి సన్నసన్నటి పొరలు, ఒకదానికొకటి అతుక్కుని. గుర్రం బరువంతా ఆ పొరల మీదే. అవి వాచి, వేడెక్కి, పట్టు వదిలేశాయనుకోండి, ఎముక కిందికి జారిపోతుంది. అప్పుడిక నిలబెట్టలేం. బాధపడకుండా పంపించెయ్యడమే."

నేను మహాతల్లి మెడ పట్టుకున్నాను. ఏడవకూడదనుకున్నాను గానీ అప్పటికే ఏడుస్తున్నాను.

"పొరలా?" అంది అత్తయ్య. ఇందాక "గడ్డి" అన్నాక ఆవిడ నోరు తెరవడం అదే.

"అవునమ్మా. మీ పఫ్‌లో ఉంటాయే, అచ్చం అలాగే."

"వేడెక్కితే విడిపోతాయా?"

"విడిపోతాయి. అందుకే చల్లగా ఉంచాలి. రెండు మూడు రోజులు, రాత్రీ పగలూ, ముందుకాళ్ళు రెండూ మోకాళ్ళ కింద దాకా ఐసులో ఉండాలి. ఒక్క గంట కూడా వదలకూడదు. కాళ్ళలో ఇంకా నొప్పి మొదలవ్వలేదు, అదే మన అదృష్టం."

అత్తయ్య చీరకొంగు బిగించింది. "ఏవండీ! నా పిండి తొట్లు రెండూ పట్రండి!"

మామయ్య గుడ్లు తేలేశాడు. ఆ తొట్లంటే అత్తయ్యకి ప్రాణం. వాటిలో వేరేవాళ్ళు చెయ్యి పెడితే ఆ చెయ్యి విరుగుతుంది. వాటిలో ఇప్పుడు గుర్రం కాళ్ళు పెట్టాలట.

"నీ తొట్లా?" అన్నాడు.

"నా తొట్లే! పొరలు వేడెక్కుతుంటే నోరెళ్ళబెట్టి నిలబడతారేం? కదలండి!"

అంతే, మా ఇంట్లో యుద్ధం మొదలైంది. పఫ్ పిండి కోసం పెట్టిన ఫ్రిజ్‌లో ఐసంతా గీకి పోశాం. తొట్టి అడుగు కూడా నిండలేదు. మా ఆయన సైకిలేసుకుని చేపల మార్కెట్‌కి పరిగెత్తాడు. నేను చెంగు దోపుకుని ఎదురుగా ఉన్న ఐస్‌క్రీం కొట్టులోకి దూరాను.

"ఐసు కావాలి," అన్నాను.

"ఏ ఫ్లేవరు?" అన్నాడు కొట్టతను.

"కాళ్ళకి!"

అతను నా కాళ్ళ వైపు చూశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గుర్రమనీ, బన్నులనీ, పొరలనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అతనికి ఒక్క ముక్క అర్థమైనట్టు లేదు. కానీ "మహాతల్లికా?" అన్నాడు. "ముందే చెప్పరేం?" అంటూ షట్టరు సగం దించేసి, డబ్బాలు డబ్బాలు ఐసు మోసుకుంటూ నాకంటే ముందు మా పెరట్లో ఉన్నాడు. ఆ తొందరలో స్ట్రాబెర్రీ డబ్బా ఒకటి కూడా తొట్టిలో బోర్లించాడు. నీళ్ళు గులాబీ రంగుకి తిరిగాయి. మహాతల్లి వెంటనే తల వంచి నాకబోయింది.

"చక్కెర! చక్కెర!" అని డాక్టరమ్మ మైకులా అరిచింది. నలుగురం దాని మెడకి వేలాడాం. అది మా నలుగుర్నీ కలిపి పక్కకి లాగింది. కడుపునొప్పితో ఉన్న గుర్రానికి అంత బలం ఎక్కడిదో! తొట్టి ఒంపేసి, కడిగి, మళ్ళీ నింపాం.

ఈలోగా మా ఆయన వచ్చాడు, సైకిల్ వెనక ఐసు మూట, దాని వెనక చేపలమ్మే ఆమె స్వయంగా తోపుడుబండి తోసుకుంటూ. "ఇతనికి ఐసు పట్టుకోవడం కూడా చేతకాదమ్మా, దారంతా ఒలకబోసుకుంటూ వస్తున్నాడు," అంది. ఆమె తెచ్చిన ఐసు పోస్తే అందులోంచి ఒక చిన్న చేప మహాతల్లి కాళ్ళ మధ్య తేలింది. మహాతల్లి దాన్ని వాసన చూసి, పెదవి పైకెత్తి పళ్ళన్నీ బయటపెట్టింది. పెరడంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. డాక్టరమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను, ఏడుపు ఆగకుండానే. ఆ రెండూ ఒకేసారి రావడం నాకు అదే మొదలు.

సాయంత్రానికి కడుపు దారికొచ్చింది. ఎలా వచ్చిందో వివరంగా చెప్పను, కొట్టం కడిగింది మా ఆయనే అని మాత్రం చెప్తాను. కానీ జ్వరం ఉంది, నాడి ఇంకా గట్టిగా కొట్టుకుంటోంది. ఐసు మాత్రం ఆపకూడదు.

వంతులు వేసుకున్నాం. ఐసు పోస్తే సరిపోదు, అది తేలిపోతుంది కదా, చేతులు తొట్టిలో పెట్టి డెక్కల చుట్టూ అదిమి పట్టాలి. మా ఆయన చెయ్యి పెట్టి "అమ్మా" అని తీసేవాడు. మామయ్య చెయ్యి పెట్టకముందే "అమ్మా" అనేవాడు. నేను పంతానికి పోయి కాసేపు ఆపేదాన్ని, తర్వాత వేళ్ళు చంకల్లో పెట్టుకుని పెరడంతా గంతులేసేదాన్ని. ఐస్‌క్రీం కొట్టతను రోజంతా ఐసులో చేతులు పెట్టేవాణ్ణని గొప్పలు పోయి, అందరికంటే ముందు పారిపోయాడు. అత్తయ్య మాత్రం చిన్న స్టూలేసుకుని కూర్చుని, మోచేతుల దాకా ముంచేసి, అందరికీ పనులు పురమాయిస్తూ ఉండేది. "ఆ రంపపు పొట్టు ఇంకా పరచండి, మెత్తగా ఉండాలి. ఆ గోనె ఇటు జరపండి. నా మొహం చూస్తారేం, ఐసు పోయండి!"

"చూశావా అమ్మాయ్, మీ అత్తయ్య గుండె!" అని మామయ్య మురిసిపోయేవాడు. "రాయి!"

"రాయి మీ బన్ను," అనేది అత్తయ్య.

మర్నాడు డాక్టరమ్మ వచ్చి డెక్కలు శుభ్రంగా తోమి, వెలుతురులోకి వంచి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నన్ను పిలిచి వేలుతో చూపించింది. డెక్క చుట్టూ గట్లు కట్టినట్టు గీతలు, ఒకదాని కింద ఒకటి.

"ఇవి నిన్నా మొన్నటివి కావు. డెక్క మన గోరులాంటిది, మెల్లగా పెరుగుతుంది. కడుపు పాడైనప్పుడల్లా ఒక గీత పడుతుంది. దీనికి నెలల తరబడి ఎవరో పెడుతున్నారు. కొంచెం కొంచెంగా, మానకుండా. మొన్నటి బన్నులు పైన పడ్డాయంతే."

"ఎవరు?" అన్నాను.

"అది మీరు తేల్చుకోండి. ఈసారి గట్టెక్కినా ఆ చెయ్యి ఆగకపోతే మాత్రం మళ్ళీ నన్ను పిలవకండి. అప్పుడు నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు."

నా కోపం గురించి ముందే చెప్పాను కదా. ఐసు గరిటె చేత్తో పట్టుకుని పెరటి మధ్యలో నిలబడ్డాను. "ఎవరు? ఇప్పుడే చెప్పాలి!"

మా ఆయన ఒట్లన్నీ వేశాడు. మొన్న ఒక్క వాయేనట, ఇంకెప్పుడూ లేదట. మామయ్య ఏడుపు ముఖం పెట్టాడు. "నేనే అయితే అన్నిసార్లు బల్ల దగ్గర కూర్చుని ఆ బన్నులన్నీ ఎందుకు తింటానమ్మా? ఇంత తేలికైన దారుందని నాకు మొన్ననేగా తెలిసింది!" అన్నాడు. అందులో న్యాయం ఉంది. నేను ఐస్‌క్రీం కొట్టతని వైపు తిరిగాను. అతను "నేను నిన్నే కదమ్మా లోపలికొచ్చాను!" అని రెండు చేతులూ పైకెత్తేశాడు. చేపలామె "నా చేపలు అది తినదు కదా తల్లీ," అంది. మాటా మాటా పెరిగింది. మామయ్య మా ఆయన్ని, మా ఆయన మామయ్యని, ఇద్దరూ కలిసి నా విరిగిన బిస్కెట్టుని పట్టుకున్నారు. రోజూ ఎన్ని విరుగుతాయో ఎవరు చూశారన్నారు! నేను గరిటె ఎత్తాను. ఐస్‌క్రీం కొట్టతను మహాతల్లి వెనక దాక్కున్నాడు.

ఇంత గోలలో ఒక్క మనిషి గొంతు లేదు. గొడవ ఎక్కడున్నా మొదటి మాటా తనదే, చివరి మాటా తనదే అయిన మనిషి తొట్టిలో చేతులు పెట్టుకుని తల దించుకుని కూర్చుంది.

"లేవండి అత్తయ్యా, నా వంతు," అని దగ్గరికి వెళ్ళాను.

"ఫరవాలేదులే, నేనుంటాను."

"పొద్దుట్నుంచీ మీరే కదా ఉన్నది. లేవండి." చేతులు పట్టి బయటికి తీశాను. తెల్లగా పాలిపోయి, గోళ్ళు నీలంగా ఉన్నాయి. కుడి చూపుడువేలు ఐసు పెచ్చుకి తెగి రక్తం కారుతోంది. నీళ్ళు ఆ మూల ఎర్రగా ఉన్నాయి. ఆవిడ నా ముఖం చూసి, నేను దేన్ని చూస్తున్నానో చూసి, అప్పుడు తన వేలు చూసుకుంది.

"తెగిందా?" అంది.

తెగిందా అని నన్ను అడిగింది.

"అత్తయ్యా, చల్లగా లేదూ?"

"ఉందిగా," అంది. కానీ ఆ మాట ఆలస్యంగా వచ్చింది.

పఫ్ చేసేటప్పుడు ఆవిడ ఎప్పుడూ గడియారం చూడదు. అరచెయ్యి పిండి మీద వేసి, లోపల వెన్న చల్లగా ఉందో లేదో చేత్తోనే కనిపెడుతుంది. చల్లగా ఉంటే మడత వేస్తుంది, లేకపోతే ఫ్రిజ్‌లో పెడుతుంది. ఆవిడ విద్యంతా ఆ అరచేతిలోనే ఉంది. ఈమధ్య బండిలోకి పఫ్‌లు తక్కువ ఇస్తోంది. అడిగితే "అడిగినన్ని ఇస్తే చులకనైపోతాం" అనేది. నేను నమ్మాను. చెయ్యడమేమో మునుపటిలాగే చేస్తోందిగా, మిగతావి ఎటు పోతున్నాయో నాకెందుకు తోచలేదు?

"మీరేనా?" అన్నాను, గొంతు తగ్గించి.

అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. పట్టు గట్టిగానే ఉంది. "వెన్న కరిగిపోయేది నాకు తెలియట్లేదే అమ్మాయ్. చెయ్యి వేస్తే కొయ్య మీద వేసినట్టు ఉంటోంది. ఓవెన్లోంచి తీస్తే అంతా ఒకటే ముద్ద. బల్ల మీద ఎలా పెట్టను? ఇన్నేళ్ళు అందర్నీ అన్ని మాటలన్నాను. వాళ్ళ ముందు నేను ఎలా తినను? ఇది ఒక్కటే నన్ను ఏమీ అనేది కాదు. ఎవరికీ చెప్పకు."

నాకు జాలేసింది, కోపమూ వచ్చింది, ఏది ముందు వచ్చిందో చెప్పలేను. "చెప్పకపోతే ఇది చచ్చిపోతుంది అత్తయ్యా," అన్నాను. "నేను చెప్పను. మీరే చెప్పండి."

అత్తయ్య మహాతల్లి వైపు చూసింది. అది తొట్లలో కాళ్ళు పెట్టుకుని, కళ్ళు సగం మూసి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. వెనక మగవాళ్ళిద్దరూ ఇంకా బిస్కెట్ల లెక్క తేలుస్తున్నారు. అత్తయ్య లేచి నిలబడింది.

"నేనే!" అని అరిచింది, తప్పంతా వాళ్ళదే అన్నట్టు. "నేనే పెట్టాను! విన్నారా? రోజూ పెట్టాను! నా పఫ్‌లు పాడైపోతున్నాయి, నా చేతులు చచ్చిపోయాయి, వేడీ తెలియదు, చలీ తెలియదు! చాలా? ఇక నవ్వుకోండి!"

ఎవరూ నవ్వలేదు. మామయ్య దగ్గరికొచ్చి, "ఎన్నాళ్ళ నుంచే?" అన్నాడు, చాలా మెల్లగా.

"డెక్క మీద రాసుందిగా, చూసుకోండి," అంది అత్తయ్య. అని ఏడ్చేసింది. ఆవిడ ఏడవగా చూడటం నాకే కాదు, మా ఆయనక్కూడా అదే మొదటిసారట.

మామయ్య తన చొక్కా బొత్తాలు విప్పి, ఆ రెండు చేతుల్నీ తీసి తన పొట్టకి ఆనించుకున్నాడు. చలికి కెవ్వుమన్నాడు. "రాక్షసీ!" అన్నాడు. వదల్లేదు మాత్రం. ఏడుస్తున్న అత్తయ్యకి నవ్వొచ్చింది, మాకూ వచ్చింది, మొత్తం పెరడంతా మళ్ళీ ముక్కు చీదుకుంటూ నవ్వింది.

డాక్టరమ్మ ఆ వేళ్ళని ఒక్కొక్కటే గిల్లి చూసింది. "నేను గుర్రాల డాక్టర్నమ్మా. కానీ దీనికీ ఆలస్యం చెయ్యకూడదని నాక్కూడా తెలుసు. రేపే మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి," అంది. అత్తయ్య "దీని కాళ్ళ సంగతి తేలాకే," అంది. ఆ మాట మీంచి ఆవిణ్ణి కదిలించడం మా వల్ల కాలేదు. ఐసులో చెయ్యి మాత్రం మళ్ళీ పెట్టనివ్వలేదు నేను. స్టూలు మీద కూర్చోబెట్టి పెత్తనం ఒక్కటే ఇచ్చాను, దాంట్లో ఆవిడ ఏ లోటూ చెయ్యలేదు.

తర్వాత జ్వరం దిగింది. నాడి నెమ్మదించింది. డాక్టరమ్మ ఒక పెట్టె లాంటి మిషను తెచ్చి డెక్కలకి ఎక్స్‌రే తీసింది. ఎముక ఉన్నచోటే ఉందంది. "కానీ బొమ్మ చెప్పేది సగమే. మిగతా సగం ఇది నడిచి చెప్పాలి. తొట్లు తియ్యండి," అంది.

తొట్లు తీశాం. కాళ్ళు తుడిచాం. మహాతల్లి రంపపు పొట్టులో నిలబడి, పెరట్లోని గచ్చు వైపు చూసింది. నొప్పి ఉన్న గుర్రం గట్టి నేల మీద అడుగు పెట్టదని డాక్టరమ్మ ముందే చెప్పింది. వెనక్కి వాలిపోతుందట, ముందుకాళ్ళు చాపేసి. నేను తాడు పట్టుకున్నాను.

"లాగకండి. దాని ఇష్టం," అంది డాక్టరమ్మ.

దాని ఇష్టం అనే మాట ఇన్నేళ్ళలో నాకెప్పుడూ అంత భయంగా వినబడలేదు. మామయ్య కళ్ళు మూసుకున్నాడు. ఐస్‌క్రీం కొట్టతను చేపలామె భుజం పట్టుకున్నాడు, ఆమె ఏమనలేదు. అత్తయ్య అవతల గోడ దగ్గర, మా వైపు వీపు పెట్టి నిలబడింది. చూడలేనంది.

మహాతల్లి ఒక కాలు ఎత్తింది. గచ్చు మీద పెట్టింది. టక్.

ఆగింది. రెండో కాలు. టక్. వెనక్కి వాలలేదు. తల విదిల్చి, నా చేతిలో తాడు ఉందన్న లెక్కే లేకుండా, తన దారిన తను నడిచింది. మా ఆయన "ఓయ్!" అని గాల్లోకి ఎగిరాడు, మామయ్య కళ్ళు తెరవకుండానే చప్పట్లు కొట్టాడు. డాక్టరమ్మ "ఇంకా నెలల తరబడి బండి కట్టకూడదు, గడ్డి తప్ప ఏదీ పెట్టకూడదు, వింటున్నారా?" అని అరుస్తోంది గానీ ఎవరు వింటారు?

మహాతల్లి మా ఎవరి దగ్గరా ఆగలేదు. తిన్నగా గోడ దాకా వెళ్ళి అత్తయ్య వీపుని మూతితో పొడిచింది. ఆవిడ తిరిగేసరికి ఒళ్ళంతా వెతికింది. కొంగు వెతికింది. పఫ్ వాసన ఎక్కడైనా తగులుతుందేమోనని ముక్కుపుటాలు ఎగరేసింది. పొరలు రాలని పఫ్ కోసం ఇంత ఆశగా వెతికిన ప్రాణి ఈ లోకంలో అదొక్కటే అయి ఉంటుంది.

అత్తయ్య రెండు చేతులూ ఖాళీగా చాపింది. "లేదే తల్లీ. ఇంక లేదు. ఇంకెప్పుడూ ఉండదు," అంది.

మహాతల్లి నమ్మలేదు. మూతిని ఆ అరచేతుల్లో పెట్టి గట్టిగా ఒక ఊపిరి వదిలింది. అలాగే ఉండిపోయింది. అత్తయ్య కదలకుండా నిలబడి, తన చేతుల వైపు చూసి, దాని ముక్కు వైపు చూసి, తర్వాత నా వైపు తిరిగింది.

"అమ్మాయ్," అంది. "దీని ఊపిరి వెచ్చగా ఉందా?"

నేను తాడు వదిలేసి వెళ్ళి, నా చెయ్యి ఆవిడ చేతి పక్కన పెట్టాను.

"వెచ్చగా ఉంది అత్తయ్యా," అన్నాను. "చాలా వెచ్చగా ఉంది."